ఐదో రోజు నవ్వు

భార్య వీణ చనిపోయిన గురువారం, మూడో పీరియడులో, మల్లేశ్వరరావు తొమ్మిదో తరగతి మొత్తాన్నీ నిలబెట్టాడు. ఆయన బోర్డు మీద వృత్తం గీస్తూ ఉండగా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తిరిగి చూడకుండానే "కౌన్ హసా?" అని హిందీలో, ఎవరు నవ్వారని అడిగాడు. ఎవరూ లేవలేదు. నవ్వినవాడు ఒప్పుకునే దాకా అందరూ నిలబడే ఉండాలని చెప్పి, వృత్తం పూర్తి చేసి, వ్యాసం గీశాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన పద్ధతి అదే. అంతలో ప్యూన్ తలుపు దగ్గరికి వచ్చి, ఆఫీసులో ఫోన్ ఉందని చెప్పాడు. ఆయన అటు నుంచి అటే ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ పిల్లలు ఎంతసేపు నిలబడ్డారో, ఎవరు కూర్చోమన్నారో ఆయనకు తెలియదు.

ఇంటికి వచ్చేసరికి వీణను ముందు గదిలో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. మేడ మీద బట్టలు ఆరేస్తూ కూలబడిపోయిందనీ, పక్కింటి వాళ్ళు కిందికి తెచ్చేసరికే ఊపిరి లేదనీ కూతురు అమూల్య చెప్పింది. అమూల్యకు పందొమ్మిదేళ్ళు. ఆ మాటలు చెప్పేటప్పుడు కూతురి చేతిలో బట్టలకు పెట్టే క్లిప్పులు రెండు అలాగే ఉన్నాయి. ఆయన వాటిని తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు ఆ సంగతి గమనించి, మెచ్చుకున్నట్టుగానే మాట్లాడుకున్నారు. ఆయన అక్క అప్పలనరసమ్మ, వ్యాగన్ రిపేర్ షాపు కాలనీలో నలభై ఏళ్ళుగా ఉంటున్న మనిషి, గడపలో కూర్చుని ప్రతివాళ్ళకీ చెప్పింది, తన తమ్ముడు చిన్నప్పటి నుంచీ అంతేననీ, నవ్వైనా ఏడుపైనా బయటికి పొక్కనివ్వడనీ, నోట్లోంచి ఒక్క అబద్ధం రాలేదనీ. మల్లేశ్వరరావు ఆ మాటలు వింటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే రమణమ్మ వచ్చింది. రాయపూర్‌లో తెలుగువాళ్ళ ఇంట్లో చావైతే ముందు పంతులుకీ, వెంటనే రమణమ్మకీ ఫోన్ వెళుతుంది. పెళ్ళిళ్ళకు ఆమెను ఎవరూ పిలవరు, వాటికి భిలాయ్ నుంచి కేటరింగ్ వాళ్ళు వస్తారు. మైల రోజుల్లో ఏది వండాలి, ఏది కూడదు, పిండానికి అన్నం ఎంత మెత్తగా ఉండాలి, పదో రోజు గారె ఎంత మందం ఉండాలి అనేవి తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే మిగిలింది. చావు వంటలతోనే ఆమె ఇల్లు గడుస్తుంది. పట్టాల అవతల గుఢియారీలో ఒక గది. అక్కడి నుంచి అండర్‌బ్రిడ్జి కింద నడిచి వస్తే ఈ ఇంటికి ఇరవై నిమిషాలు.

తన కత్తిపీట, జల్లిగరిటె, రెండు చీరలు ఒక గోనెసంచిలో పెట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే ఎవరినీ పలకరించకుండా వంటింట్లోకి వెళ్ళి పోపుల డబ్బా తీసి, మూత బిగించి, దానిమీద పాత గుడ్డ కట్టి అటక మీద పెట్టేసింది. పది రోజులూ తాలింపు లేదు. అమూల్య ఎందుకని అడిగితే, పోపు వాసన వస్తే పోయినోళ్ళు ఇంట్లో అన్నం వేళైందనుకుని ఎనక్కి తిరుగుతారమ్మా అని చెప్పింది. అది చెప్పిన తీరులో ఓదార్పు లేదు, భయపెట్టడమూ లేదు. ఏ కూరకు ఎంత నీళ్ళు పోయాలో చెప్పినట్టు చెప్పింది.

నాలుగు రోజులు అలా గడిచాయి. పోపు లేని పప్పు, మజ్జిగ, కాల్చిన వంకాయ. వీణ పడుకున్న చోట దీపం. మల్లేశ్వరరావు తిన్నదీ తెలియదు, తిననిదీ తెలియదు. విస్తరి ముందు కూర్చుంటే రమణమ్మ వచ్చి ముద్దకు సరిపడా అన్నం మాత్రమే పెట్టేది. అది అయ్యాక ఇంకో ముద్దకు పెట్టేది. ఒకేసారి ఎక్కువ అన్నం చూస్తే దుఃఖంలో ఉన్నవాళ్ళకు లేచిపోవాలనిపిస్తుందని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఆయనకు చాలా రోజుల తర్వాతే తట్టింది.

*

ఐదో రోజు సోమవారం. మధ్యాహ్నం రెండు దాటింది. వీణ అన్న పున్నయ్య ఏదో పనిమీద భిలాయ్ వెళ్ళాడు. ముందు గదిలో అప్పలనరసమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు నడుం వాల్చారు. అమూల్య దీపం పక్కన చాప మీద అటు తిరిగి పడుకుంది. మల్లేశ్వరరావు మంచినీళ్ళ కోసం వెనక వసారాలోకి వెళ్ళాడు.

రమణమ్మ ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి కూర్చుని చాటలో మినప్పప్పు ఏరుతోంది. ఆమె ఎదురుగా చింతపండు డబ్బాకు ఆనించి ఫోన్ పెట్టుకుంది. అందులో ఏదో పాత నలుపు తెలుపు సినిమా, వినీ వినపడనంత చిన్నగా. ఆయన్ని చూసి గబుక్కున ఫోన్ ఆపబోయింది.

"ఉండనీ," అన్నాడు ఆయన.

తెర మీద బక్కపలచటి మనిషి ఒకడు గొడుగు చంకలో పెట్టుకుని, ఒక ఇంటి ముందు నిలబడి, తలుపు తట్టాలా వద్దా అని తటపటాయిస్తున్నాడు. చెప్పులు విప్పి, పక్కకు పొందిగ్గా పెట్టి, అప్పుడు తట్టాడు.

"దెయ్యవండి మేష్టారూ ఆడు," అంది రమణమ్మ, గొంతు తగ్గించి. "సచ్చిపోయి నాలుగు రోజులైంది. ఇంకా అలవాటు పడనేదు."

మల్లేశ్వరరావు నీళ్ళ గ్లాసు చేతిలో పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. కథ ఆమే చెప్పింది, పప్పులో రాళ్ళు ఏరుతూనే. వాడు తాలూకాఫీసులో గుమాస్తా. చచ్చి శ్మశానానికి వెళితే అక్కడ దెయ్యాలకు ఒక సంఘం, దానికి ఒక ప్రెసిడెంటు. పది రోజుల్లో ముగ్గురిని భయపెట్టి వస్తేనే చింతచెట్టు మీద చోటిస్తామన్నారు. వీడేమో ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు తడతాడు, లోపలికి రావచ్చునా అంటాడు. ఒక ఇంటావిడ పాలవాడనుకుని, ఇంత ఆలస్యమా అని వీడినే తిట్టి పంపింది. ఇంకో ఇంట్లో ముసలాయన కూర్చోబెట్టి తన నడుంనొప్పి గురించి గంటసేపు చెప్పాడు.

వీణ ఉండగా ఇలాంటి సినిమా వస్తే పిలిచేది. ఆయన పిల్లల కాపీలు దిద్దాలని లేచి వెళ్ళిపోయేవాడు. తలుపు అవతల నుంచి ఆమె నవ్వు వినబడుతూ ఉండేది. ఇప్పుడు ఆయన లేవలేదు. గుమాస్తా గుమ్మంలో నిలబడి పై కండువా సర్దుకుని, భయపెట్టడానికి గొంతు సవరించుకుంటుంటే ఆయన పెదవుల చివర ఏదో కదిలింది.

తర్వాత వాడి పదో రోజు వచ్చింది. చెరువు గట్టున పిండం పెట్టి చుట్టాలందరూ కాకి కోసం ఎదురు చూస్తున్నారు. పక్కన వంటలు పరిచారు.

"పొట్లకాయ వండీసినారు సూడండి," అంది రమణమ్మ, చాట పక్కన పెట్టి. "పదోరోజు పొట్లకాయేటండి? ఎవులు సెప్పినారో ఈ సినిమావోళ్ళకి. నన్నడిగితే నాను సెప్పనా?"

కాకి వచ్చి వాలింది కానీ ముట్టలేదు. ఏదో తీరని కోరిక ఉందని పెద్దలు తేల్చారు. పెద్ద కొడుకు ముందుకొచ్చి పేకాట మానేస్తానన్నాడు. కాకి కదల్లేదు. భార్య వచ్చి, నీ మాట వినకుండా అమ్మేసిన గేదెను తిరిగి కొనుక్కొస్తానంది. కాకి తల పక్కకు తిప్పింది. అసలు సంగతి ఏమిటంటే గుమాస్తా కాకి పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. బతికుండగా ఎవరూ వాడి మాట వినలేదు. ఇప్పుడు ఒక్కొక్కరూ వచ్చి ఒట్లు వేస్తుంటే వాడి ముఖం వెలిగిపోతోంది. కాకి చెవిలో ఏదో బతిమాలుతున్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు మల్లేశ్వరరావు ముందుకు వంగి. "కాస్త సౌండు పెంచు."

రమణమ్మ పెంచింది.

"ఇంకొక్క నిమిషం ఆగు నాయనా," అంటున్నాడు గుమాస్తా కాకితో. "మా బావమరిది ఇంకా నోరు తెరవలేదు."

మల్లేశ్వరరావు నవ్వాడు. పెదవులతో మొదలై అక్కడ ఆగలేదు. పొట్టలోంచి వచ్చింది. గ్లాసులో నీళ్ళు పంచె మీద పడ్డాయి. ఆపుకోబోతే ఇంకా పెద్దదై, గోడలకు తగిలి, తనకే కొత్తగా వినిపించింది. ఒక చేత్తో పీట పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగాడు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. రమణమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతోంది.

"ఏడుపు ఇళ్ళల్లోనే నా బతుకు తెల్లారిపోతంది మేష్టారూ," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "ఇలాటిదొకటి సూడకపోతే నాను కూడా ఎప్పుడో పోదును."

ముందు గదిలో ఎవరో లేచిన చప్పుడైంది. గాజులు. అడుగులు.

మల్లేశ్వరరావు లేచి, వసారా చివరనున్న స్నానాల గదిలోకి వెళ్ళి, రేకు తలుపు వేసుకున్నాడు. ఆలోచించి చేయలేదు. ముఖం తడిగా ఉంది, కడుక్కోవాలి అనుకున్నాడు. కుళాయి తిప్పాడు. బకెట్టులో నీళ్ళు పడుతుండగా తలుపు అవతల అక్క గొంతు వినబడింది.

"ఏటే ఇది రమణమ్మా? ఐదోరోజు. అక్కడ దీపం ఇంకా కొండెక్కనేదు. ఇక్కడ సినిమా పెట్టుకుని ఇకయికలా? షరమ్ నేదా నీకు?"

ఫోన్‌లో సినిమా చప్పుడు ఆగింది.

"వీధి దాకా ఇనిపించింది ఆ మగోడి నవ్వు. ఫోన్లో అంత సౌండేటి? తల్లి పోయిన పిల్ల ఆ గదిలో పడుకుంది. నా తమ్ముడు ఇంటే ఏటనుకుంతాడు?"

రేకు తలుపుకు పైన ఒక సందు ఉంది. మల్లేశ్వరరావు అందులోంచి చూశాడు. రమణమ్మ ఒకసారి, ఒక్కసారే, ఇటు చూసింది. తర్వాత ఫోన్ బోర్లా తిప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"తప్పైపోయిందమ్మా," అంది. "సౌండు ఎక్కువైపోయింది."

ఆయన కుళాయి ఇంకాస్త తిప్పాడు. బకెట్టు నిండి, పొర్లి, నీళ్ళు పాదాల మీద నుంచి పోతున్నాయి. అక్క రమణమ్మను పొమ్మని, బయట మాటలు ఆగే దాకా ఆయన తలుపు తీయలేదు. తీసి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వసారాలోకి వచ్చినప్పుడు అక్క ఎదురై, "నువ్వేటైనా ఇన్నావేట్రా?" అని అడిగింది.

"ఏమిటప్పా?" అన్నాడు ఆయన.

అంతే అన్నాడు. రమణమ్మ అప్పటికే గోనెసంచిలో కత్తిపీట పెట్టుకుంటోంది. ఏరిన మినప్పప్పు ఒక డబ్బాలో పోసి, రాళ్ళు ఒక కాగితంలో పొట్లం కట్టి, చాట గోడకు ఆనించి నిలబెట్టింది. పెరటి గుమ్మం దాటుతూ ఆయన వైపు తిరిగి, రాత్రికి పిల్లకి మజ్జిగలో కాస్త అల్లం దంచి పోయండి, కడుపు బాగులేదు దానికి, అని చెప్పి వెళ్ళిపోయింది.

*

ఆరో రోజు నుంచి కాలనీ ఆడవాళ్ళు వంతుల వారీగా వండారు. ఒకావిడ అలవాటు కొద్దీ పప్పులో పోపు పెట్టేసింది. ఇల్లంతా ఆవాలు, ఎండుమిరపకాయల వాసన వ్యాపించింది. అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. ఆ గిన్నె తీసుకెళ్ళి బయట పారబోశారు. దానికి కూడా అప్పలనరసమ్మ రమణమ్మనే తిట్టింది, ఇంటికి ఇంత అరిష్టం తెచ్చిపెట్టిందని.

మల్లేశ్వరరావు ఆ పొద్దున అక్క దగ్గరికి చెప్పాలనే వెళ్ళాడు. ఆమె వత్తులు చేసుకుంటోంది. పక్కన ఎవరో ఉన్నారు. ఇప్పుడు కాదులే అనుకున్నాడు. మధ్యాహ్నం ఆమె ఒక్కతే ఉంది. అప్పుడు తలనొప్పిగా ఉందని పడుకుంది. సాయంత్రం ఆమె ఫోన్‌లో మాట్లాడుతుంటే తలుపు దగ్గర నిలబడి ఎదురుచూశాడు. అవతల ఎవరో తెలియదు.

"మీరు కూడా పిలవొద్దు," అంటోంది అప్పలనరసమ్మ. "సావింట్లో పళ్ళికిలించే మనిషి మనకొద్దు. అభన్‌పూర్ వాళ్ళు వచ్చే వారం సంవత్సరీకానికి దాన్ని సెప్పుకున్నారంట, వాళ్ళకీ ఫోన్ చేసి సెప్పీసాను. దాని పేరు బద్నాం అయితే అయింది. బస్."

ఆమె ఫోన్ పెట్టేసి, ఏంట్రా అన్నట్టు చూసింది. ఆయన పంచె అంచు సరిచేసుకుని, టీ తాగుతావా అని అడిగాడు.

ఒక్క వాక్యం. నవ్వింది నేను. రెండు మాటలు. తరగతిలో ఎన్ని వందల మంది పిల్లల దగ్గర నుంచి ఆ రెండు మాటలు ఆయన రాబట్టి ఉంటాడు! లేచి నిలబడిన పిల్లాడికి, ఒప్పుకున్నావు కాబట్టి శిక్ష లేదని చెప్పి కూర్చోబెట్టేవాడు. లేవడం అంత సులువైన పని అనే నమ్మకంతో ఇరవై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పాడు.

ఏడో రోజు ఇంకొక పని చేశాడు. మధ్యాహ్నం మేడ మీదికి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని, అమూల్య ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని, తన ఫోన్‌లో ఆ సినిమా వెతికి, ఆపిన చోటి నుంచి చివరి దాకా చూశాడు. చూడకుండా ఉండలేకపోయాడు. గుమాస్తా ఎవరినీ భయపెట్టలేకపోయాడు. పదో రోజు సాయంత్రం తన ఇంటికే వెళితే, భార్య బీరువా తెరిచి వాడి కట్టుడుపళ్ళ డబ్బా చూసి, మొదట ఏడ్చి, తర్వాత ఏదో గుర్తొచ్చి ఫక్కున నవ్వింది. గుమాస్తా గుమ్మంలో నిలబడి విన్నాడు. అమ్మయ్య అన్నాడు. చెప్పులు వేసుకోకుండానే వెళ్ళిపోయాడు. దెయ్యాల ప్రెసిడెంటు రిజిస్టరు తెరిచి, ఈ మనిషిని మనవాళ్ళలో చేర్చుకోవడం కుదరదని రాయించాడు.

మల్లేశ్వరరావు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. తర్వాత చాలాసేపు బట్టల తీగ వైపు చూస్తూ కూర్చున్నాడు. వీణ ఏమీ అనుకోదు. ఐదో రోజు ఆయన నవ్వాడని తెలిస్తే సంతోషించేది కూడా. ఆ సంగతి ఆయనకు సినిమా చెప్పనక్కరలేదు. కానీ ఆయన భయం వీణ గురించి కాదు. గుఢియారీలో ఒక గదిలో ఫోన్ మోగుతుందేమోనని చూస్తూ ఒక మనిషి కూర్చుని ఉంది. ఆమెను అక్కడ కూర్చోబెట్టి, ఆమె చూపించిన సినిమానే చాటుగా పూర్తి చేసి వచ్చాడు. కిందికి దిగి ఇయర్‌ఫోన్లు కూతురి పుస్తకాల పక్కన పెట్టేటప్పుడు ఆయన చేయి దొంగతనం చేసిన చేయిలాగే కదిలింది.

ఎనిమిదో రోజూ చెప్పలేదు. తొమ్మిదో రోజూ చెప్పలేదు.

*

పదో రోజు శనివారం పొద్దున్నే మహాదేవ్ ఘాట్‌కి వెళ్ళారు. ఖారూన్ నది మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. కాలనీ మగవాళ్ళు పదిహేను మంది, స్కూలు నుంచి ఇద్దరు మాస్టర్లు, ఆడవాళ్ళు కొంతమంది. పంతులు చెప్పినట్టల్లా మల్లేశ్వరరావు చేశాడు. నువ్వులు, నీళ్ళు, దర్భ. అన్నం ముద్ద గట్టిగా ఉండి చేతిలో విచ్చిపోయింది. రమణమ్మ వండి ఉంటే విచ్చిపోయేది కాదు. రెండోసారి తడి చేత్తో అదిమి ఆకులో పెట్టి, మెట్టు మీద ఉంచి, వెనక్కి జరిగాడు.

కాకులు రెండు రాతిగోడ మీద వాలి ఉన్నాయి. దిగలేదు. పది నిమిషాలైంది. పంతులు మాట్లాడకుండా ఆకాశం వైపు చూశాడు. ఎవరో గుసగుసగా, మనసులో ఏదో ఉండిపోయిందన్నారు. అప్పలనరసమ్మ కొంగు చాపి, నీ కూతుర్ని నా కూతుర్లా చూసుకుంటాను మరదలా అని ఏడ్చింది. ఒక కాకి కిందికి దిగి, రెండు గెంతులు వేసి, ఆగింది.

అప్పుడు పున్నయ్య ముందుకొచ్చాడు. మంచివాడు. నాలుగు రోజుల నుంచి నిద్రలేక కళ్ళు వాచి ఉన్నాయి. చేతులు జోడించి, "చెల్లీ, అమూల్య చదువు నేను చూసుకుంటాను," అన్నాడు.

బావమరిది నోరు తెరిచాడు.

మల్లేశ్వరరావు తల దించుకున్నాడు. పళ్ళ మధ్య నాలుకను గట్టిగా నొక్కాడు. లాభం లేకపోయింది. భుజాలు కదలడం మొదలైంది. పై కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఎంత నొక్కితే అంత ఎక్కువగా ఒళ్ళంతా కుదిపేసింది. నలుగురు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నారు. ఏడవనీయండి, పది రోజుల నుంచి దాచుకున్నాడు, ఏడవనీయండి అంటోంది అక్క. పున్నయ్య ఆయన్ని గుండెకు హత్తుకుని బావురుమన్నాడు. ఆ చొక్కాలో ముఖం పెట్టుకుని ఉన్నప్పుడు తనది నవ్వో ఏడుపో మల్లేశ్వరరావుకే తెలియకుండా పోయింది. కండువా తడిసింది. తల ఎత్తేసరికి ఆకులో మెతుకులు చెదిరి ఉన్నాయి, కాకులు లేవు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్ని చూసే చూపులో అంత జాలి, అంత గౌరవం ఉన్నాయి. ఆయనకు వాళ్ళ ముఖాల్లోకి సూటిగా చూడడం చేతకాలేదు.

తిరిగి వచ్చే దారిలోనే, ఆటోలో, చెప్పేయాలని గట్టిగా అనుకున్నాడు.

ఇంటి ముందు షామియానా వేశారు. పంక్తులు లేచాయి. ఆఖరి పంక్తిలో ఇంటివాళ్ళూ దగ్గరివాళ్ళూ కూర్చున్నారు. గారెలు రాయిలా ఉన్నాయి. కాలనీ నుంచి వచ్చిన సుభద్ర అనే ఆవిడ గారెను తుంచబోయి తుంచలేక, ఏమైనా రమణమ్మ చేతి గారె రమణమ్మదే అంది. దాని పేరెత్తొద్దు ఈ ఇంట్లో అంది అప్పలనరసమ్మ.

మల్లేశ్వరరావు విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు. చేతికి పప్పు అంటుకుని ఉంది.

"అప్పా. ఆ రోజు నవ్వింది సినిమాలో మనిషి కాదు. నేను. సౌండు పెంచమన్నదీ నేనే. రమణమ్మ తప్పు ఏమీ లేదు."

వడ్డిస్తున్నవాళ్ళు ఆగారు. ఎవరి చేయీ విస్తరి మీద నుంచి కదల్లేదు. అప్పలనరసమ్మ తమ్ముడి ముఖంలోకి చూసింది. ఆయన సిద్ధంగా ఉన్నాడు. ఏమన్నా పడడానికి సిద్ధంగా ఉన్నాడు.

"సూసినారా," అంది ఆమె అందరి వైపూ తిరిగి, కళ్ళు ఒత్తుకుంటూ. "పొద్దున్న గట్టు మీద సూసినారు కదా, ఎలా కుమిలిపోయినాడో. ఆడు నవ్వినాడంట. దాని పొట్ట కొట్టినావని నన్నడక్కుండా, తప్పు తన నెత్తిమీద ఏసుకుంటన్నాడు. ఇదీ నా తమ్ముడు."

"కాదప్పా, నిజంగానే..."

"బావా, చాలు," అన్నాడు పున్నయ్య. "నీలాంటివాడి చేతిలో మా చెల్లిని పెట్టాం. అది చాలు మాకు."

స్కూలు మాస్టర్లలో పెద్దాయన తల పంకించి, మల్లేశ్వరరావుగారంటే అంతే మరి అన్నాడు. సుభద్ర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అప్పలనరసమ్మ మాత్రం గొంతు మార్చింది.

"జన్మలో అబద్ధమాడని మనిషి సేత అబద్ధమాడించింది సూడండి అది. దానికి పుట్టగతులుండవు."

మల్లేశ్వరరావు ఇంకా నిలబడే ఉన్నాడు. ఇంకొక మాట చెప్పాలి. ఏ సీను దగ్గర నవ్వాడో చెప్పొచ్చు. కుళాయి సంగతి చెప్పొచ్చు. ఏడో రోజు మేడ మీద ఏం చేశాడో చెప్పొచ్చు. ఆ ఒక్కటి చెబితే నమ్మక తప్పదు. ఆయన నోరు తెరిచాడు. ఎదురుగా పదిమంది ముఖాలు ఆయన వైపే ఉన్నాయి, ఘాట్ మీద చూసిన అదే చూపుతో. ఆ చూపులో ఒక వెచ్చదనం ఉంది. చలిలో దుప్పటి కప్పినట్టుంది. దాన్ని తన చేత్తో తీసి అవతల పారేయాలి.

ఆయన కూర్చున్నాడు. ఎవరో వచ్చి విస్తరిలో ఇంకొక గారె వేశారు.

*

మర్నాడు సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయింది. అమూల్య పెరట్లో కూర్చుని పెద్ద గిన్నెలు తోముతోంది. బూడిద, కొబ్బరి పీచు. ఆయన పక్కన నిలబడి ఒక్కొక్క గిన్నె మీద నీళ్ళు పోస్తున్నాడు.

"నాన్నా," అంది అమూల్య, తల ఎత్తకుండా. "ఆ రోజు నేను నిద్రపోలేదు."

ఆయన చెంబు పట్టుకుని ఆగాడు.

"నీ నవ్వు నాకు తెలుసు. ఎప్పుడో చిన్నప్పుడు ఒకసారి విన్నాను. అయినా గుర్తుపట్టాను. బాగుంది కూడా. నాన్న నవ్వాడు, ఠీక్ హై, ఇక పర్వాలేదు అనుకున్నాను."

"మరి అత్తతో చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని చూశాను."

"చెప్పాను కదమ్మా, నిన్న."

అమూల్య గిన్నె తిప్పి అడుగు రుద్దింది. మసి పోలేదు. మళ్ళీ రుద్దింది.

"చెప్పావు," అంది. "అందరూ మెచ్చుకున్నాక కూర్చున్నావు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఆయన ఏదో ఒకటి అనేవాడు. అమూల్య గిన్నె ముందుకు జరిపింది, నీళ్ళు పోయమన్నట్టు. ఆయన పోశాడు. నల్లటి నీళ్ళు సిమెంటు మీద పారి తూము దగ్గర తిరిగాయి. తోమడం అయ్యాక ఆ పిల్ల లోపలికి వెళ్ళి, అటక మీది నుంచి పోపుల డబ్బా దించి, గుడ్డ ముడి విప్పింది. కాసేపటికి ఆవాలు చిటపటలాడిన చప్పుడు వినబడింది.

ఆయన సోమవారం నుంచి స్కూలుకు వెళ్ళాడు. తొమ్మిదో తరగతి పిల్లలు ఆయన లోపలికి రాగానే లేచి నిలబడి, కూర్చోమనే దాకా కూర్చోలేదు. ఆ వారంలో రెండుసార్లు స్కూలు నుంచి తిన్నగా అండర్‌బ్రిడ్జి దాకా నడిచాడు. రెండోసారి అవతలి వైపు దాకా వెళ్ళి, కూరగాయల బళ్ళ మధ్య నిలబడి, ఒక ఆటో పోనిచ్చి, అర కిలో అల్లం కొనుక్కుని తిరిగి వచ్చాడు. ఆ చలికాలంలో తెలుగువాళ్ళ ఇళ్ళలో మూడు చావులు జరిగాయి. మూడింటికీ వంటకు ఎవరో కొత్తావిడ వచ్చింది. గారెలు గట్టిగా ఉన్నాయని అందరూ అన్నారు. ఒకచోట అప్పలనరసమ్మ, ఆయన వినేట్టుగానే, తన తమ్ముడి మంచితనం గురించి మళ్ళీ చెప్పింది. ఆయన విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాడు.

అభన్‌పూర్ వాళ్ళ సంవత్సరీకానికి ముందే, వాళ్ళ నంబరు అమూల్య ఒక కాగితం మీద రాసి, ఆయన కళ్ళజోడు పెట్టుకునే చోట పెట్టింది. ఆయన వాళ్ళకు ఇంకా ఫోన్ చేయలేదు. అక్కతో మళ్ళీ మాట్లాడలేదు. రమణమ్మ ఇంటికి వెళ్ళలేదు.